ఇంట్లో కుక్కపిల్ల, కడుపులో బిడ్డ: బేబీ సేఫ్టీ గేటు వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, చంటిపిల్లలు, కుక్కపిల్లలు ఒక గది దాటి రాకుండా ద్వారానికి అడ్డంగా పెట్టే ఈ గేటు కొనమనే అంటాను. 5కి 4 ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు మాత్రం చిన్న విషయానికి కాదు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ భాగం తప్పకుండా చదవాలి. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో దొరికే ఈ రకం గేట్లు దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి. తెల్ల పెయింట్ వేసిన ఇనుప కడ్డీలు, మధ్యలో చిన్న తలుపు, నాలుగు మూలల్లో రబ్బరు బిళ్లలున్న స్క్రూలు. గోడకి డ్రిల్లింగ్ అక్కర్లేదు, ద్వారబంధం మధ్యలో నిలబెట్టి స్క్రూలు తిప్పితే రెండు పక్కలా నొక్కుకుని నిలుస్తుంది. రెండు వేల నుంచి నాలుగు వేల లోపు దొరుకుతుంది.

మాది తిరుపతి ఎమ్మార్‌పల్లిలో మేడ మీద అద్దె ఇల్లు. హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక బాల్కనీ. నేను, మా ఆయన, మా అత్త ఉంటాం. నాకు నాలుగో నెల నడుస్తుండగా మా ఆయన రేణిగుంట రోడ్డు పక్క నుంచి ఒక నాటు కుక్కపిల్లని తెచ్చారు. తల్లి కుక్క అక్కడే పిల్లల్ని పెట్టింది, ఒక్కొక్కటే బండ్ల కింద పడి పోతున్నాయి, మిగిలింది వీడొక్కడే. రంగు చూసి రాగి అని పేరు పెట్టాం. రెండు నెలలు కూడా సరిగ్గా నిండి ఉండవు. వాడిని మళ్లీ ఆ రోడ్డు మీద వదిలేయమని నేను చెప్పలేను, ఎవరు చెప్పినా వినేదాన్నీ కాదు. కానీ ఈ టైంలో కుక్కపిల్ల ఎందుకమ్మా అని అడగని మనిషి మా వీధిలో లేరు, చుట్టాల్లోనూ లేరు.

కుక్కని ముట్టుకుంటే కడుపులో బిడ్డకి జబ్బు వస్తుందని చాలామంది భయపెట్టారు. వాళ్లు చెప్పే జబ్బు టాక్సోప్లాస్మోసిస్, కంటికి కనిపించని ఒక పరాన్నజీవి వల్ల వచ్చేది. అది వచ్చేది పిల్లి మలం నుంచి, సరిగ్గా ఉడకని మాంసం నుంచి, కడగని ఆకుకూరల నుంచి. కుక్కలు దాన్ని అలా వ్యాపింపజేయవు. కుక్కపిల్లతో నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి నులిపురుగులు: ఇవి తల్లి కడుపులో ఉండగానే పిల్లకి వచ్చేస్తాయి, అందుకే రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టి రెండేసి వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి వేయిస్తారు. రెండోది రేబిస్, దాని టీకా మూడు నెలలకి. పార్వో, డిస్టెంపర్ వంటి కుక్కల ప్రాణాంతక వైరస్ జబ్బులకి కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లతో నాలుగు నెలల దాకా సాగుతుంది. ఇవన్నీ తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో వేయించాం. 1955 నుంచి ఉన్న కాలేజీ అది. ఇంట్లో గర్భిణి ఉందని చెప్పగానే అక్కడి డాక్టరు గారు ఓపిగ్గా అన్నీ వివరించి, పిడుదులకి మందు పూసే పని నేను కాకుండా మా ఆయన చేయాలని మరీ మరీ చెప్పారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాలపళ్లు వచ్చిన పిల్ల ఆటలో కొరుకుతుంది, గీరుతుంది, ఆ పళ్లు చాలా పదునుగా ఉంటాయి. టీకా ఇంకా పడని కుక్కపిల్ల, అందులోనూ రోడ్డు మీద నుంచి వచ్చింది, పన్నుతో చర్మం గీరినా 'పిల్లే కదా' అనుకోకూడదు. సబ్బుతో 15 నిమిషాలు ధారగా పారే నీళ్ల కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి కూడా ఇస్తారు, కడుపుతో ఉన్నామని వాయిదా వేయాల్సిన పని లేదు.

అంటే జబ్బుల సంగతికి మందులున్నాయి, టీకాలున్నాయి, తేదీలు రాసిచ్చే డాక్టర్లున్నారు. ఇంట్లో చోటు ఎలా పంచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. రెండు నెలల పిల్ల మూడు గంటలకి మించి ఉచ్చ ఆపుకోలేదు, పగలైనా రాత్రైనా. కాళ్లకి అడ్డం పడుతుంది, చీర కుచ్చిళ్లు పట్టి లాగుతుంది. నాకేమో వంగితే ఆయాసం. మా అత్తకి మోకాళ్ల నొప్పులు. మేం గేటు కొన్నది అందుకు.

తిరుపతిలో పిల్లల సామాన్ల దుకాణాల్లో అడిగితే ఊయలలు, వాకర్లు చూపించారు కానీ గేటు అంటే ఏమిటని అడిగారు. సరే అని ఆన్‌లైన్‌లో పెట్టాం. పెట్టె మీద చంటిబిడ్డ బొమ్మ చూసి మా అత్త లోపలికి రానివ్వలేదు. "బిడ్డ ఇంకా భూమ్మీద పడనే లేదు, అప్పుడే సామాన్లు ఎందుకమ్మా? ఉత్త ఊయలే ఊపకూడదంటారు" అని ఆవిడ భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, ఆవిడ ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషి. మా ఆయన పెట్టె మీది కాగితం చించేసి "ఇది రాగిగాడికమ్మా, బిడ్డకి కాదు" అని చెప్పాక ఒప్పుకుంది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లకి ఇదే పట్టింపు ఉంటే కుక్క గేటు అనే పేరుతో అమ్మేవి కూడా ఉన్నాయి, వస్తువు ఒకటే. కడ్డీల మధ్య సందు, తాళం మాత్రం చిన్నపిల్లలకి సరిపడేలా ఉన్నాయో లేదో చూసుకోండి. చిన్నపిల్లల గేట్లకి యూరప్‌లో ఈఎన్ 1930, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1004 అనే ప్రమాణాలున్నాయి, వివరాల్లో ఆ మాట కనిపిస్తే మేలు.

ఇక బిగింపు. గేటు వెడల్పు మామూలుగా 75 నుంచి 85 సెంటీమీటర్ల దాకా సర్దుకుంటుంది. మన ఇళ్లలో గది తలుపు మూడడుగులంటే 90 సెంటీమీటర్లు, ద్వారబంధం మందం తీసేస్తే లోపల మిగిలేది ఇంటికో కొలత. పైన, మధ్యలో, కింద మూడు చోట్లా టేపు పెట్టి కొలవండి, పాత ఇళ్లలో మూడూ ఒకటి కావు. తక్కువపడితే ఎక్స్‌టెన్షన్ ముక్కలు విడిగా కొనుక్కోవాలి. మాకు మొదట తప్పు సైజు ముక్క పంపారు, మార్చమంటే ఫోన్లు, ఫొటోలు, మెయిళ్లు, చాలా విసిగించారు, సర్వీసు విషయంలో నాకు ఏమాత్రం సంతృప్తి లేదు. ద్వారబంధానికి కాకుండా గోడకి బిగించాలంటే కింద స్కర్టింగ్ టైల్ ముందుకు పొడుచుకుని ఉంటుంది కదా, అక్కడ కింది స్క్రూలు తక్కువ, పైవి ఎక్కువ తిప్పాలి, లేకపోతే గేటు వంకరగా నిలబడి తలుపు దానంతట అది మూసుకోదు. ఎనామిల్ పెయింట్ వేసిన చెక్క మీద రబ్బరు బిళ్లలు జారతాయి. గేటుతో పాటు వచ్చే, బిళ్లలు కూర్చునే చిన్న అతికించే గిన్నెలు వాడాల్సిందే, తీసేటప్పుడు పెయింట్ కొంచెం ఊడొస్తుంది, ఇంటి ఓనరుకి ముందే చెప్పి ఉంచండి. ఇంకా, వారానికోసారి గేటుని గట్టిగా ఊపి చూసి స్క్రూలు మళ్లీ బిగించాలి. కుక్క రోజూ కాళ్లెత్తి తోస్తుంటే కొద్దికొద్దిగా వదులవుతాయి.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు. ఈ గేటుకి కింద నేల మీద ఒక అడ్డకడ్డీ ఉంటుంది. గేటు బలమంతా ఆ కడ్డీలోనే ఉంది, అది లేకపోతే రెండు పక్కలా నొక్కుకుని నిలబడలేదు. తలుపు తెరిచినా ఆ కడ్డీ అక్కడే ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున. మామూలు మనిషికి అదేం లెక్క కాదు, గడపలు దాటుతూ పెరిగినవాళ్లమే. ఏడో నెల వచ్చాక మాత్రం నా పాదాలు నాకే కనిపించేవి కావు. చేతిలో బట్టల బకెట్టు, కాళ్ల దగ్గర రాగి, రాత్రి పూట అయితే లైటు కూడా ఉండదు. బొటనవేలు ఆ కడ్డీకి తగిలి ముందుకి తూలాను, ద్వారబంధం చేతికి అందబట్టి పడలేదు. ఆ రోజు మా అత్త ముఖం చూడలేకపోయాను. పైగా ద్వారం మూడడుగులున్నా గేటు తలుపు తెరుచుకునేది అడుగున్నర చిల్లర మాత్రమే, నిండు కడుపుతో పక్కకి తిరిగి దాటాలి. అమ్మేవాళ్లు ఈ మాట ఎక్కడా రాయరు, బిడ్డ పుట్టాక కొనేవాళ్లనే దృష్టిలో పెట్టుకుని తయారు చేశారేమో.

దానికి మేం చేసినవి చెప్తాను. కడ్డీ మీద పసుపు రంగు రేడియం టేపు చుట్టాం, చీకట్లో కూడా తెలుస్తుంది. నేను రాత్రి లేచి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో ఉన్న గేటు తీసేసి, వెనక బాల్కనీ వాకిలికి మార్చాం. అక్కడ ఎలాగూ సిమెంటు గడప ఉంది, కడ్డీ దానికి ఆనుకుని కూర్చుంది, కొత్తగా దాటాల్సింది ఏమీ లేకుండా పోయింది. అంటే నన్ను గదిలో పెట్టి కాపాడుకోవడం కాకుండా, రాగికి ఒక చోటు ఇచ్చి నేను ఇల్లంతా తిరిగేలా చేసుకున్నాం. కడుపుతో ఉన్నవాళ్లకి నా సలహా ఇదే, గేటు మీరు ఎక్కువ తిరిగే దారిలో వద్దు. డ్రిల్లింగ్‌కి ఓనరు ఒప్పుకుంటే కింద కడ్డీ లేని, గోడకి బోల్టులతో బిగించే రకం ఇంకా మంచిది. చుట్టుకుపోయే వల గేట్లు కూడా ఉన్నాయి, కానీ పళ్లు వస్తున్న కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఆ వల ఎంతో కాలం నిలవదు.

మేడమెట్ల దగ్గర మాత్రం ఈ నొక్కుడు గేటు అస్సలు పెట్టకండి. ఒక్క తోపుకి ఊడొస్తే గేటుతో సహా కిందికే. మెట్ల పైన గోడకి బిగించినదే ఉండాలి. మేం వెల్డింగ్ షాపు అతనికి చెప్పి చిన్న గేటు చేయించాం, కడ్డీలన్నీ నిలువుగా ఉండాలని, అడ్డకడ్డీలు వద్దని ముందే చెప్పాను. అడ్డకడ్డీలుంటే రేపు బిడ్డ వాటి మీద కాలు పెట్టి ఎక్కేస్తుంది. అతనికి ఈ సంగతి చెప్పగానే తలుపు మెట్ల వైపు కాకుండా ఇంటి వైపు తెరుచుకునేలా తనే మార్చి చేశాడు, ఆ పనితనం నాకు చాలా నచ్చింది.

కడ్డీల సందు ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. బిడ్డని ఆపడానికి అది చాలు. రెండు నెలల నాటు కుక్కపిల్లని మాత్రం ఆపలేదు, రాగి మొదటి రోజుల్లో దూరి ఇవతలికి వచ్చేసేవాడు. కింద సగం దాకా ప్లాస్టిక్ మెష్ కట్టాం, కేబుల్ టైల కొసలు మా వైపుకి ఉండేలా, వాడు కొరికి మింగకుండా. రెండు మూడు వారాల్లో వాడే పెరిగిపోయాడు, మెష్ తీసేశాం.

గేటు వల్ల నాకు కనిపించిన అసలు లాభం శుభ్రత. నులిపురుగుల గుడ్లు మలంలో బయటికి రాగానే అంటుకోవు, మట్టిలో కనీసం రెండు వారాలు ఉంటేనే హాని చేసే దశకి వస్తాయి. కాబట్టి ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే చాలావరకు ఇబ్బంది లేదు, కానీ ఎత్తాలంటే ఎక్కడ ఉందో తెలియాలి కదా. గేటు లేని రోజుల్లో సోఫా వెనక, బియ్యం డ్రమ్ము పక్కన వెతుక్కునేవాళ్లం. బాల్కనీకి గేటు పెట్టాక వాడి పనంతా ఒక్క మూలే, మా ఆయన పొద్దున, సాయంత్రం గ్లౌజులు వేసుకుని తీసేసి కడిగేసేవారు. నేను ఆ పని ముట్టలేదు. కుక్కపిల్లని తెచ్చుకోవాలనుకునే దంపతులు ముందు తేల్చుకోవాల్సింది ఇదే అంటాను, ఆ ఏడాదంతా మలం ఎత్తి కడిగే పని ఎవరిది, అర్ధరాత్రి లేచేది ఎవరు. ఆ మనిషి కడుపుతో ఉన్న మనిషి కాకూడదు. ఇంట్లో అలాంటి మనిషి లేకపోతే బిడ్డ పుట్టి నడక వచ్చాక తెచ్చుకోవడమే మంచిది, ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కొనాలనుకునేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుంచుకోండి, 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, అంతకన్నా చిన్నదాన్ని అంటగడుతుంటే అక్కడ కొనొద్దు.

గేటు కొనగానే పని అయిపోదు, దాని వెనక ప్రశాంతంగా కూర్చోవడం కుక్కకి నేర్పాలి. దీన్ని బిడ్డ పుట్టాక మొదలుపెడితే, బిడ్డ వచ్చింది కాబట్టి నన్ను బయటికి తోశారు అన్నట్టు కుక్క అనుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. అందుకే నెలల ముందే మొదలుపెట్టాం. రాగి తిండి ఎప్పుడూ గేటు అవతలే: సంకటి ముద్దలో ఉడికించిన గుడ్డు, లేకపోతే పెరుగన్నం. వాడి గోనెపట్టా అక్కడే, కొరుక్కునే తాడు అక్కడే. మొదట అన్నం తిన్నంతసేపే గేటు వేసేవాళ్లం, తర్వాత తర్వాత మేం భోంచేసే దాకా, ఆ తర్వాత మధ్యాహ్నం నిద్ర అయ్యేదాకా. కుయ్యి కుయ్యిమన్నప్పుడు తీయలేదు, ఊరుకున్నాక తీసేవాళ్లం. మా అత్తకి ఇది చాలా కష్టమైంది, "పాపం పసివాడు" అంటూ గేటు పక్కనే పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. అలా కూర్చోవడం మంచే చేసింది, మనిషి పక్కనే ఉంది కానీ తనతో ఆడుకోవట్లేదు అనే సంగతి వాడికి అలవాటైంది.

ఫోనులో చంటిబిడ్డ ఏడుపు కూడా వినిపించాం, ముందు చాలా సన్నగా, రోజులు గడిచేకొద్దీ కాస్త పెంచుతూ, ఆ టైంలోనే తినడానికి ఏదో ఒకటి పెడుతూ. తిండి అన్నాను కాబట్టి మన ఊరివాళ్లకి ఒక మాట. లడ్డూ ప్రసాదం వచ్చినప్పుడు ఒక ముక్క కుక్కకి కూడా పెట్టడం చాలా ఇళ్లలో చూశాను, ప్రేమతోనే పెడతారు. దాంట్లో ఎండుద్రాక్ష ఉంటుంది, ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్కల కిడ్నీలకి ప్రమాదం. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా పెట్టకూడదు.

తొలి కాన్పు కాబట్టి సీమంతం అయ్యాక చిత్తూరులో మా అమ్మ వాళ్లింటికి వెళ్లాను, బిడ్డకి అయిదో నెల వచ్చాక తిరిగొచ్చాను. కుక్క ఉన్న ఇంటికి మన ఈ పద్ధతి నిజంగా కలిసొచ్చింది. ఆ నెలల్లో రాగికి పళ్లు మారిపోయాయి, కొరుకుడు తగ్గింది, టీకాలన్నీ పూర్తయ్యాయి, కుట్లు పచ్చిగా ఉన్న నా మీదకి ఎగబడే కుక్క లేదు. మా ఆయన చిత్తూరు వచ్చినప్పుడల్లా పాప వాడిన పొత్తిగుడ్డ ఒకటి తీసుకెళ్లి గేటు అవతల పట్టాకి కొంచెం దూరంలో పెట్టేవారు, వాసన చూసుకుని వాడి దారిన వాడు వెళ్లేవాడు.

ఇంటికి వచ్చిన రోజు దిష్టి తీసి లోపలికి రాగానే ముందు పాపని మా అత్తకి ఇచ్చి నేనొక్కదాన్నే రాగి దగ్గరికి వెళ్లాను. అన్ని నెలల తర్వాత చూశాడు కదా, ఆ ఎగిరే ఎగురుడు తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత గేటు వేసి, అవతల వాడు, ఇవతల పాపతో మేము. వాసన పట్టాడు, తోక ఊపాడు, కాసేపటికి పట్టా మీద పడుకున్నాడు. చాలా రోజుల పాటు అంతే, గేటు లేకుండా ఇద్దరినీ కలపలేదు. ఇప్పుడు కూడా పక్కన పెద్దవాళ్లు ఒకరు లేకుండా పాపని, రాగిని ఒకే చోట వదలం. వాడి మీద అనుమానంతో కాదు, ఎంత మంచి కుక్కైనా తోక మీద పాకే బిడ్డకి ఎలా బదులు చెబుతుందో ఎవరికీ తెలియదు, వాడికి తప్పుకునే చోటు ఉండాలి. గేటు వాడికి కూడా ఆ చోటు ఇచ్చింది, పాప మరీ మీదకి వస్తే వాడే లేచి బాల్కనీలోకి వెళ్లిపోతాడు, మేం గేటు వేస్తాం.

తాళం గురించి కూడా చెప్పాలి. నొక్కి, పైకి ఎత్తి, పక్కకి తోయాలి, ఒంటిచేత్తో వస్తుంది, చంకలో బిడ్డ ఉన్నప్పుడు అది చాలా అవసరం. మా అత్తకి మాత్రం వేళ్ల నొప్పులతో రావట్లేదు, పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు వీలైతే ఎవరింట్లోనైనా ఉన్న గేటు ఒకసారి వాళ్ల చేత తీయించి చూసి కొనండి. ఎత్తు 75 సెంటీమీటర్ల చిల్లర. రాగి ఇప్పుడు తలుచుకుంటే ఒక్క దూకుతో దాటగలడు, చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి దాటట్లేదు. పెద్ద కుక్కని ఇప్పటికే పెంచుతున్నవాళ్లు మీటరు ఎత్తు రకమే తీసుకోవాలి.

పాప ఇప్పుడు ఆ కడ్డీలు పట్టుకునే లేచి నిలబడుతోంది. అందుకే స్క్రూలు ఇదివరకు కన్నా తరచుగా బిగిస్తున్నాం. ఈ గేట్లు రెండేళ్ల వయసు దాకానే పనికొస్తాయని కంపెనీలే రాస్తాయి, ఆ తర్వాత పిల్లలు ఎక్కడం, తాళం తీయడం నేర్చుకుంటారు కాబట్టి అప్పుడు బాల్కనీ వాకిలిది తీసేసి, మెట్ల దగ్గరి వెల్డింగ్ గేటు ఒక్కటే ఉంచుతాం.